హాంకాంగ్ చట్టసభలో వ్యాపార వర్గాల స్థానాన్ని పరిశీలించడం ఎలా?

హాంకాంగ్‌కు ఉన్న ఏకైక చట్టసభ శాసన మండలి. 2021 నుంచి అందులోని 90 స్థానాల్లో 30 స్థానాలు ఫంక్షనల్ నియోజకవర్గాలకు, అంటే పరిశ్రమలు, వ్యాపారాలు, వృత్తుల వారీగా ఏర్పడిన నియోజకవర్గాలకు, దక్కుతున్నాయి. ఈ ఎన్నికల ఫలితాలను పరిశీలించేవారు సాధారణంగా గెలిచిన అభ్యర్థి పార్టీని ముందు చూస్తారు. ఓటర్ల జాబితాతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

ముందుగా 30 స్థానాల్లో వ్యాపార స్థానాలు ఏవో వేరు చేసుకోవాలి. విద్య, న్యాయం, వైద్యం వంటివి వృత్తి స్థానాలు; కార్మిక సంఘాలకు మూడు స్థానాలున్నాయి. బ్యాంకింగ్, బీమా, స్థిరాస్తి, ఎగుమతి దిగుమతులు, పర్యాటకం వంటి రంగాలకు విడివిడిగా స్థానాలున్నాయి. ఇవి కాక, వాణిజ్య మండళ్ల సభ్యత్వమే ఆధారంగా నడిచే స్థానాలు కొన్ని ఉన్నాయి: ఉదాహరణకు వాణిజ్య మొదటి నియోజకవర్గం హాంకాంగ్ జనరల్ చాంబర్ ఆఫ్ కామర్స్‌తోనూ, పారిశ్రామిక మొదటి నియోజకవర్గం ఫెడరేషన్ ఆఫ్ హాంకాంగ్ ఇండస్ట్రీస్‌తోనూ ముడిపడి ఉన్నాయి.

తరువాత ఎంచుకున్న స్థానంలో ఓటరు మనిషా, సంస్థా అన్నది తేల్చుకోవాలి. మన దగ్గర పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక కోసం ఫారం 18 నింపినవారికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది; ఇక్కడ పట్టభద్రుడే స్వయంగా ఓటరు. అక్కడి వ్యాపార స్థానాల్లో కంపెనీ పేరే జాబితాకెక్కుతుంది, ఆ కంపెనీ నియమించిన అధీకృత ప్రతినిధి వెళ్లి ఓటు వేస్తాడు. ఆ ప్రతినిధి భౌగోళిక, అంటే ప్రాంతం వారీగా ఏర్పడిన, నియోజకవర్గంలో నమోదైన ఓటరై ఉండాలి, సంస్థతో గట్టి సంబంధం కలిగి ఉండాలి. భౌగోళిక ఓటు అతనికి ఎలాగూ ఉంటుంది కనుక, ఒకే మనిషి తన కోసం ఒకసారి, కంపెనీ కోసం మరోసారి ఓటు వేస్తాడన్నమాట. ఇలాంటి ఏర్పాటు మనకు పూర్తిగా కొత్త కాదు. 1935 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం ఏర్పడిన మద్రాసు శాసనసభలోనూ 215 స్థానాల్లో 6 వాణిజ్య, పారిశ్రామిక వర్గాలకు కేటాయించారు.

ఏ ఎన్నికను పరిశీలిస్తుంటే ఆ ఏటి చట్టాన్నే దగ్గర పెట్టుకోవాలి, ఎందుకంటే నిబంధనలు పలుమార్లు తలకిందులయ్యాయి. 1985లో 12 స్థానాలతో మొదలైన ఈ పద్ధతిని 1995లో అప్పటి బ్రిటిష్ గవర్నర్ క్రిస్ పాటెన్ విస్తరించి, సంస్థల ఓటు తీసేసి, తొమ్మిది కొత్త నియోజకవర్గాల ద్వారా పనిచేసే జనాభా అంతటికీ ఓటు కల్పించారు. 1998 ఎన్నికలకల్లా సంస్థల ఓటు తిరిగి వచ్చింది. 2021 మార్పులతో, అంతకుముందు నిపుణులు వ్యక్తులుగా ఓటు వేసిన ఐటీ స్థానం కూడా సంస్థలకే పరిమితమైంది.

నామినేషన్ పత్రాన్నీ వదిలిపెట్టకూడదు. 2021 నుంచి వ్యాపార రంగ అభ్యర్థికి తన రంగం మద్దతు ఒక్కటే సరిపోదు. చట్టసభకు 40 మందిని ఎన్నుకునే, 1,500 మంది ఉండే ఎన్నికల కమిటీలోని ఐదు విభాగాల్లో ప్రతిదాని నుంచి కనీసం ఇద్దరు, గరిష్ఠంగా నలుగురు ప్రతిపాదించాలి, ఆపైన అర్హత పరిశీలన కమిటీ ఆమోదించాలి.

చివరగా సభలో ఓట్ల లెక్కింపు చూడాలి. 2012 నుంచి 2021 వరకు 35 మంది ఫంక్షనల్, 35 మంది భౌగోళిక సభ్యులు ఉండేవారు. సభ్యుడు స్వయంగా తెచ్చిన తీర్మానానికి రెండు వర్గాల్లోనూ విడివిడిగా మెజారిటీ రావాలి. భౌగోళిక వర్గంలో 20 మంది అనుకూలంగా, 10 మంది వ్యతిరేకంగా, ఫంక్షనల్ వర్గంలో 12 మంది అనుకూలంగా, 16 మంది వ్యతిరేకంగా ఓటు వేశారనుకుందాం. మొత్తం 32కు 26 ఓట్లు వచ్చినా తీర్మానం వీగిపోతుంది. ఇప్పుడు ఎన్నికల కమిటీ ఎన్నుకున్న 40 మంది ఒక వర్గం, మిగతా 50 మంది మరో వర్గం కనుక, పాత ఓటింగు పట్టికను కొత్తదాని పక్కన పెట్టేటప్పుడు వర్గాల పేర్లు సరిచూసుకోవాలి. ప్రభుత్వం తెచ్చే బిల్లుకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ హాజరైన సభ్యుల్లో సాధారణ మెజారిటీ ఉంటే చాలు.