పెరటి కోళ్ల గూడు – మూడో పాఠం: గోడలు నిలబెట్టడం

పోయిన పాఠంలో గూడు విడిభాగాలు వచ్చిన అట్టపెట్టె విప్పి, పలకలను అంకెల వరసలో గోడకు ఆనించి, స్క్రూలు లెక్కపెట్టుకున్నాం. నేల చదును చేసి నాలుగు మూలలా ఇటుకలు కూడా పెట్టాం. ఇవాళ గోడలు లేపుదాం.

ఈ పాఠం సగం దాటేదాకా ఏ స్క్రూనూ పూర్తిగా బిగించవద్దు. మూడొంతులు దిగితే చాలు. మొదటిసారి నేను గోడ తర్వాత గోడ గట్టిగా బిగించుకుంటూ పోయాను. నాలుగో గోడ దగ్గరికి వచ్చేసరికి రంధ్రాలు అరంగుళం ఎడంగా నిలిచాయి. బలవంతంగా లాగి బిగిస్తే తలుపు వంకర తిరిగింది. దాని కింద మిగిలిన సందులోంచి ముంగిస దూరి రెండు పెట్టలను చంపేసింది. తప్పు గూడుది కాదు, నా తొందరది.

వెనుక గోడనూ ఒక పక్క గోడనూ ముందుగా కలపండి. ఒకరు పట్టుకోవాలి, ఒకరు బిగించాలి. ఈ గూళ్ల కలప మెత్తనిది, అంచుల్లో ఇట్టే చీలుతుంది. రంధ్రం బిగుతుగా ఉంటే సన్నని డ్రిల్లు ముక్కతో కాస్త లోతు చేయండి. స్క్రూకు సబ్బు రాస్తే సులువుగా దిగుతుంది.

నాలుగు గోడలూ నిలిచాక టేపు తీయండి. ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలవండి, తర్వాత రెండో జత మూలలు. గూడు 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు అయితే రెండు కొలతలూ 5 అడుగులే రావాలి. తాపీ మేస్త్రీలు మూలమట్టం చూసే లెక్క ఇదే. తేడా ఉంటే, ఎక్కువ కొలత వచ్చిన మూలలను లోపలికి నెట్టండి. సమానమయ్యాకే స్క్రూలన్నీ బిగించి తలుపు తగిలించండి.

ఇక కోళ్లు నిద్రపోయే దండెం. దాన్ని గుడ్ల పెట్టె కన్నా ఎత్తున అమర్చాలి. కోడి రాత్రికి ఎత్తైన చోటే వెతుక్కుంటుంది. పెట్టె ఎత్తుగా ఉంటే అందులోనే పడుకుని రెట్టలతో పాడుచేస్తుంది. కర్ర రెండంగుళాల వెడల్పు, అంచులు నున్నగా ఉండాలి. కోడికి 8 నుంచి 10 అంగుళాల చోటు కావాలి. వనరాజ వంటి బరువైన రకాలకు పది. అట్టపెట్టె మీద బొమ్మలో ఎనిమిది కోళ్లు నవ్వుతుంటాయి, నమ్మకండి. తలా 4 చదరపు అడుగుల చొప్పున 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గూడు మూడింటికే సరిపోతుంది.

కప్పు వాలు తలుపు వైపు రాకుండా చూసుకుని బిగించండి. చూరు కింది గాలి కంతలను మాత్రం మూయవద్దు.

ఈ రాత్రి కోళ్లను లోపలికి పంపకండి. చీకటి పడ్డాక గూట్లో టార్చిలైటు వెలిగించి పెట్టి, చుట్టూ తిరిగి చూడండి. గాలి కంతలతో సహా వెలుగు బయటికి వచ్చే ప్రతిచోటా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. వచ్చే పాఠంలో అరంగుళం కన్నుల ఇనుప జాలీ ఎక్కడెక్కడ కొట్టాలో ఆ గుర్తులే చెబుతాయి.