ఎథిక్స్ కమిటీ వెనక్కి పంపిన నా సర్వే

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. ఆ వరద గురించి పాతబస్తీలో ఇంటింటి సర్వే చేద్దామనుకుంటే పరిశోధనలో పాల్గొనేవాళ్లకు హాని జరగకుండా చూసే మా ఎథిక్స్ కమిటీ నా దరఖాస్తు వెనక్కి పంపింది. "ఈ సమ్మతి పత్రం ఎవరికి అర్థమవుతుంది?" అని అడిగారు. సర్వేకు ఒప్పుకుంటున్నట్టు జనం సంతకం పెట్టే కాగితం అది. చాలా టెన్షన్ పడ్డాను.

ప్రశ్నలేవీ అడగకుండా, ఆ కాగితం మాత్రం హంద్రీ ఒడ్డున ఒక పెద్దావిడకు చదివి వినిపించాను. "సంతకం పెడితే ఇల్లు తీసేస్తారా నాయనా? లేకుంటే పరిహారం ఏమన్నా వస్తుందా?" అంది. తప్పెక్కడుందో అప్పుడు తెలిసింది.

మళ్లీ రాశాను. "ఇది ప్రభుత్వ సర్వే కాదు. దీనివల్ల డబ్బు రాదు, ఇల్లు పోదు. ఎప్పుడు వద్దన్నా ఆపేస్తాను" అన్నదే మొదటి మాట. జవాబుల కాగితంలో పేరు, డోర్ నంబరు తీసేసి కోడ్ పెట్టాను. చదవలేని వాళ్లకు సర్వేతో సంబంధం లేని సాక్షి ముందు వేలిముద్ర. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలూ ఇలాంటి సాక్షి ఉండాలనే చెప్తాయి. వరదలో చనిపోయినవాళ్ల సంగతి నేనుగా అడగను. వాళ్లే చెప్తూ ఏడిస్తే ప్రశ్నలు ఆపేసి పక్కన కూర్చుంటాను. ఇది మొదటిసారే రాయనందుకు ఇప్పటికీ బాధే.

రెండోసారి అనుమతి వచ్చింది. ముందుగా ఆ పెద్దావిడ ఇంటికే వెళ్లాను.