ఒకటో రెండో క్లాసు పిల్లలకి కంప్యూటర్ ఎలా మొదలెట్టాలంటే

ఒడిశాలో మా పర్లాకిమిడి వైపు పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, ఫోన్లో ఇంగ్లీషు, ఈ మూడింటి మధ్యా నలుగుతుంటారు, అందుకే ముందు స్క్రీన్ పక్కన పెట్టేయండి. వాకిట్లో సుద్దముక్కతో తొక్కుడుబిళ్ల గళ్ళు గీసి ఒక గుంటడిని రోబోలా నిలబెట్టి, ఇంకొకళ్ళని "ముందుకి రెండు, కుడికి తిరుగు" అని చెప్పమనండి, రోబో చెప్పింది చెప్పినట్టే చెయ్యాలి, తప్పు చెప్తే వెళ్ళి గోడకి గుద్దుకోవాల్సిందే (మెల్లిగా లెండి). ఎక్కడ తప్పిందో వెతికి మళ్ళీ చెప్పడాన్నే కంప్యూటర్ వాళ్ళు డీబగ్గింగ్ అంటారు, ఆ పేరు ఇప్పుడే చెప్పక్కర్లేదు.

ఇది వచ్చాక స్క్రాచ్ జూనియర్ వేసివ్వండి. బ్లాకులు పక్కపక్కన పేర్చి తెర మీద బొమ్మల్ని కదిలించే ఫ్రీ యాప్, 5 నుంచి 7 ఏళ్ళ వాళ్ళ కోసం చేసింది, బ్లాకుల మీద బొమ్మలూ బాణాలే కాబట్టి చదవడం రాకపోయినా ఆడేస్తారు. ఇన్‌స్టాల్ అయ్యాక నెట్ లేకపోయినా నడుస్తుంది.

సేఫ్టీకి వస్తే, పాస్‌వర్డ్, ఓటీపీ అంటే బీరువా తాళం, పక్కింటి పిన్నికి కూడా ఇవ్వం అని చెప్పండి చాలు. గేమ్‌లో ఎవరైనా పేరు, బడి, ఇల్లు అడిగినా, చూడకూడనిది ఏదైనా వచ్చినా ఫోన్ బోర్లా పెట్టి మన దగ్గరికి పరిగెత్తుకు రావాలి, వచ్చినప్పుడు మాత్రం తిట్టొద్దు బాబూ, నేనొకసారి మావాణ్ణి తిట్టాను, తర్వాత వాడు ఏదీ చెప్పడం మానేశాడు, మళ్ళీ దారికి రావడానికి నెలలు పట్టింది. ఆన్‌లైన్ మోసంలో డబ్బులు పోతే వెంటనే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి, పిల్లల్ని ఎవరైనా వేధిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098.