కనిపెట్టే పరికరాలు – 5వ పాఠం: గోడకు డ్రిల్లు పెట్టే ముందు

నాలుగో పాఠంలో పెన్ను టెస్టర్‌ను, అంటే తీగను తాకకుండానే కరెంటు ఉన్నదని మోగి చెప్పే చిన్న పరికరాన్ని పరిచయం చేసి, దానితో ఇంట్లోని ప్లగ్గులన్నిటినీ ఒకసారి చూడమని అభ్యాసం ఇచ్చాను. ఈసారి నేరుగా గోడ స్కానర్‌లోకి, అంటే గోడ లోపల దాగిన లోహాన్నీ కరెంటు తీగలనూ వెతికే పరికరంలోకి, దిగాలన్నది నా ఉద్దేశం. అయితే వచ్చిన ఉత్తరాలు చదివిన తరువాత, పెన్ను సంగతి తేల్చకుండా స్కానర్‌ను మీ చేతికివ్వడం మంచిది కాదని నిశ్చయించుకున్నాను. పెన్నుతో పొరబడినవారు స్కానర్‌తోనూ అక్కడే పొరబడతారు, పైగా అప్పుడు చేతిలో డ్రిల్లింగ్ మెషీన్ కూడా ఉంటుంది.

తిరువాన్మియూరు నుంచి ఒక పాఠకురాలు, పడకగది లైటు స్విచ్చి ఆపినా హోల్డరు దగ్గర పెన్ను మోగుతూనే ఉన్నదని, కనుక తాను కొన్న పెన్ను పాడైనదై ఉంటుందని రాశారు. పెన్ను పాడు కాలేదు. ఇందుకు రెండు కారణాలు ఉండవచ్చు. స్విచ్చిని ఫేజు తీగకు (కరెంటును తెచ్చే తీగకు) కాక న్యూట్రల్ తీగకు (తిరుగు తీగకు) కలిపి ఉంటే, స్విచ్చి ఆపగానే బల్బు ఆరిపోతుంది గాని, ఫేజు మాత్రం హోల్డరు దాకా వచ్చి కూర్చునే ఉంటుంది. బల్బు మార్చబోయినవారికి షాకు కొట్టేది ఇలాంటి చోటనే. స్విచ్చి వేసినా ఆపినా పెన్ను మోతలో ఏ తేడా లేకపోతే ముందుగా అనుమానించవలసింది దీనినే, దీనిని సరిచేయవలసింది ఎలక్ట్రీషియనే. రెండవది, ఆపిన తీగ ఒకే గొట్టంలో కరెంటు ఉన్న మరో తీగను ఆనుకుని చాలా దూరం ప్రయాణించడం. అప్పుడు పక్క తీగ ప్రభావంతో దీనిలోనూ కొంత వోల్టేజి కనిపిస్తుంది, పెన్ను బాగా దగ్గరకు తెస్తేనే బలహీనంగా మోగుతుంది. డిజిటల్ మల్టీమీటరు కూడా ఇలాంటి తీగపై పదుల వోల్టులు చూపించి కంగారు పెడుతుంది. రాత్రిపూట ఆపిన ఎల్ఈడీ బల్బు మిణుకుమిణుకుమనడానికి కూడా చాలాసార్లు కారణం ఇదే.

పెరంబూరు పాఠకుడు ఒకరు ఈబీ మెయిన్, అంటే విద్యుత్ బోర్డు నుంచి ఇంటికి వచ్చే కరెంటు ప్రధాన స్విచ్చి, ఆపిన తరువాత కూడా హాలు బోర్డు దగ్గర పెన్ను మోగుతున్నదని రాశారు. ఆయన ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నది. ఈబీ మెయిన్ ఆపడాన్ని ఇన్వర్టర్ కరెంటు కోతగానే భావిస్తుంది, వెంటనే బ్యాటరీ నుంచి 230 వోల్టులు తయారుచేసి ఫ్యాన్లకూ లైట్లకూ పంపుతుంది. కాబట్టి ఈ పాఠంలో నేను మెయిన్ ఆపమన్న ప్రతిచోటా ఈబీ మెయిన్‌నూ, ఇన్వర్టర్ అవుట్‌పుట్‌నూ కలిపి ఆపమని అర్థం చేసుకోవాలి. ఆయన పెన్నును నమ్మి ఆగిపోయారు, అది సరైన పని.

ఇక అసలు చిక్కు ఆగనివారితోనే. "పెన్ను మోగలేదు, కాబట్టి కరెంటు లేదు" అన్న వాక్యం వచ్చిన ఉత్తరాలలో పదేపదే కనిపించింది, కనిపించిన ప్రతిసారీ నాకు విసుగు తెప్పించింది. మోగిన పెన్ను ఒక సమాచారం ఇస్తున్నది. మోగని పెన్ను ఏ సమాచారమూ ఇవ్వడం లేదు. కావలివాడు కేక వేయలేదంటే దొంగ రాలేదని అర్థం కావచ్చు, కావలివాడు నిద్రపోయాడనీ కావచ్చు.

పెన్ను నిద్రపోయే మార్గాలు చాలా ఉన్నాయి. బ్యాటరీ నీరసించి ఉండవచ్చు. బొత్తాం నొక్కగానే వెలిగే చిన్న దీపం బ్యాటరీ ఉన్నదనే చెబుతుంది గాని, మొనలోని సెన్సర్ పనిచేస్తున్నదని చెప్పదు. పాత ఇళ్ళలో తీగలు ఇనుప గొట్టంలో వెళుతుంటే, ఎర్త్ అయిన ఆ ఇనుము తీగ చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రాన్ని బయటికి రానివ్వదు, గొట్టానికి పెన్ను ఆనించినా మోగదు. పెన్ను తన పని పూర్తి చేసుకోవడానికి మీ చేతిని, మీ శరీరాన్ని, నేలను వాడుకుంటుంది. మీరు ప్లాస్టిక్ స్టూలు మీదనో చెక్క నిచ్చెన మీదనో నిలబడి, కొసవేళ్ళతో పట్టుకుని చూస్తే దాని సున్నితత్వం తగ్గిపోతుంది. డీసీ కరెంటుకు అది అసలు మోగదు, అందువల్ల ఇన్వర్టర్ బ్యాటరీ తీగల దగ్గరా, మేడ మీది సోలార్ పలకల తీగల దగ్గరా దాని మౌనానికి విలువ లేదు. న్యూట్రల్ తెగిపోయిన బోర్డులో ఫేజు దగ్గర మోగుతుంది గాని, న్యూట్రల్ తెగినట్లు చెప్పదు.

అందువల్ల పద్ధతి ఇది. ముందు కరెంటు ఉన్నదని తెలిసిన ప్లగ్గులో పెన్నును మోగించండి. ఆ తరువాత అనుమానం ఉన్న చోట చూడండి. మళ్ళీ వెళ్ళి కరెంటు ఉన్న చోట మోగించండి. మూడవ అడుగును దాదాపు అందరూ వదిలేస్తారు. మొదటి అడుగుకూ రెండవ అడుగుకూ మధ్య బ్యాటరీ పోవచ్చు, పెన్ను కింద పడవచ్చు, తనంతట తాను ఆగిపోయే సదుపాయం వల్ల ఆగిపోయి ఉండవచ్చు. మెయిన్ ఆపేసిన ఇంట్లో కరెంటు ఉన్న చోటు ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. అపార్టుమెంటులో వసారా లైటు స్విచ్చి ఉన్నది, ఎదురింటివారి కాలింగ్ బెల్లు ఉన్నది. అవి మీ మెయిన్ కింద ఉండవు. వాటి దగ్గర పెన్ను మోగితేనే, లోపల అది మోగకపోవడాన్ని లెక్కలోకి తీసుకోండి. అప్పుడు కూడా తీగను చేత్తో ముట్టుకోవలసిన పని ఉంటే, మల్టీమీటరుతో ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్ మూడు జతలూ చూసిన తరువాతే. అది రాని వారు ఎలక్ట్రీషియన్‌ను పిలవడం నామోషీ కాదు.

ఇప్పుడు స్కానర్. దీనిని నేను చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కు వెళ్ళి, దుకాణంలోనే పరీక్షించి కొనమంటాను. ఆన్‌లైన్‌లో పెట్టె మీది బొమ్మను చూసి కొనడం నాకు నచ్చదు. ఆ బొమ్మల్లో చాలావరకు జిప్సం పలక వెనుక చెక్క పట్టీని వెతుకుతున్నట్లు ఉంటాయి. మన ఇటుక గోడలో చెక్క పట్టీలు ఉండవు, ఆ పనికి పెట్టిన మోడు, అంటే పరికరంలోని ఆ అమరిక, మనకు అక్కరలేదు. మనకు కావలసినవి రెండే, లోహాన్ని చూసే మోడు, ఏసీ కరెంటు (ఇంట్లోని మామూలు కరెంటు) ఉన్న తీగను చూసే మోడు. లోతును ఇనుముకూ రాగికీ వేరువేరుగా రాసిన పరికరాన్ని ఎంచుకోండి. లోతు అని ఒకే పెద్ద అంకె వేస్తే అది లావుపాటి ఇనుప చువ్వ లెక్కే అనుకోవాలి, సన్నని రాగి తీగ అంత లోతులో దొరకదు. దుకాణానికి జేబులో జానెడు రాగి తీగ ముక్కను తీసుకువెళ్ళి, దానిని పుస్తకం కింద పెట్టి చూపించమనండి. ఫోనులోని మెటల్ డిటెక్టర్ యాప్ సరిపోదా అని అడిగినవారికి జవాబు: ఫోను చూసేది అయస్కాంత క్షేత్రాన్ని. చెన్నైలో భూమి క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు ఉంటుంది, దగ్గరలో ఇనుము ఉంటే ఆ అంకె కదులుతుంది, రాగికి కదలదు. మేకును వెతకడానికి ఫోను చాలు, తీగకు చాలదు.

లోపలి గోడకు సిమెంటు పూత మామూలుగా 12 నుంచి 15 మిల్లీమీటర్లు ఉంటుంది, తీగల గొట్టం దాని వెనుక ఇటుకలో కొట్టిన గాడిలో ఉంటుంది. గోడకు బిగించే ప్లాస్టిక్ ప్లగ్గుకు 30, 40 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. అంటే తీగ దారిలో డ్రిల్లు పెడితే గొట్టాన్ని తగలకుండా పోదు. స్విచ్చిబోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా, కుళాయికి నిట్టనిలువుగా పైనా స్కానర్ ఏమి చెప్పినా రంధ్రం వేయకండి.

స్కానర్‌తో జరిగే పెద్ద పొరబాటు కూడా మౌనం గురించినదే. చాలా రకాల స్కానర్లు బొత్తాం నొక్కిన క్షణంలో తమ కింద ఉన్నదానిని "ఏమీ లేని గోడ"గా లెక్కవేసుకుంటాయి. మీరు సరిగ్గా చువ్వ మీదనో గొట్టం మీదనో పెట్టి బొత్తాం నొక్కితే అదే సున్నా అయిపోతుంది, ఆ తరువాత దాని మీదుగా ఎన్నిసార్లు పోనిచ్చినా మోగదు. అందువల్ల అడ్డంగా జానెడు పక్కకు జరిపి మళ్ళీ మొదలుపెట్టండి, పైకి జరిపి ఇంకొకసారి మొదలుపెట్టండి; మూడుచోట్ల మొదలుపెట్టినా ఒకే చోట మోగితే నమ్మండి. లోహపు మోడును గాలిలో పట్టుకునే మొదలుపెట్టాలని చెప్పే కంపెనీలూ ఉన్నాయి, కాబట్టి మీ పరికరంతో వచ్చిన కాగితం చదవండి. ఎడమ నుంచి కుడికి పోతూ మోగిన చోట పెన్సిల్ గీత, కుడి నుంచి ఎడమకు వస్తూ మోగిన చోట మరో గీత గీస్తే, వస్తువు ఆ రెండింటి నడుమ ఉంటుంది. రంగు టేపు అంటించేవారున్నారు, అది పూతను ఊడదీస్తుంది. పెన్సిలే నయం.

ఏసీ మోడు తీగలో కరెంటు ఉంటేనే చూస్తుంది. స్విచ్చి ఆపిన లైటు తీగ దానికి కనిపించదు. కాబట్టి స్కాన్ చేసేటప్పుడు మెయిన్ వేసి, గదిలోని స్విచ్చిలన్నీ వేసి ఉంచాలి; మెట్ల దగ్గరి టూవే స్విచ్చిలను రెండు స్థితులలోనూ చూడాలి. డ్రిల్లు పెట్టేటప్పుడు మాత్రం మెయిన్ ఆపాలి. మెయిన్ ఆపితే డ్రిల్లు ఎలా తిరుగుతుందన్నది సహజమైన ప్రశ్న. బ్యాటరీ డ్రిల్లు అద్దెకు తెచ్చుకోండి. ఉమ్మడి గోడ అయితే అదీ చాలదు: పక్క ఫ్లాటువారి తీగలు మీ వైపు నుంచి కూడా పలుకుతాయి, మీ మెయిన్ ఆపినా వాటిలో కరెంటు ఉంటుంది. మీ ఇంట్లో అన్నీ ఆపిన తరువాత కూడా ఏసీ మోడు మోగే గోడ మీద ఆ చోట పని పెట్టుకోకూడదు.

ఐప్పసి, కార్తిక అనే తమిళ మాసాల (అక్టోబరు నడుమ నుంచి డిసెంబరు నడుమ దాకా) వానలకు నానిన గోడ మీద ఏసీ మోడు గోడ పొడుగునా మోగుతుంది, ఎందుకంటే తడి గోడ ఆ క్షేత్రాన్ని అన్ని వైపులకూ పంచిపెడుతుంది. పొడి గోడ మీద కూడా పరికరాన్ని రుద్దినట్లు జరిపితే పుట్టే స్థిర విద్యుత్తుకు మోగుతుంది. రెండవ అరచేతిని స్కానర్‌కు అడుగు దూరంలో గోడకు పరిచి ఆనించి, పరికరాన్ని మెల్లగా జరపండి. మోత కుంచించుకుపోయి, తీగ ఉన్న పట్టీ మాత్రం మిగులుతుంది. తడి గోడకు ఈ చిట్కా అంతంతమాత్రమే, అది ఆరేదాకా ఆగాలి. చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వెంబడి కొన్ని కొత్త టవర్లలో లోపలి గోడలు కూడా ఇటుకవి కావు, అల్యూమినియం అచ్చులలో పోసిన కాంక్రీటువి. వాటిలో చువ్వల వల అంతటా ఉంటుంది కనుక లోహపు మోడు అడుగడుగునా మోగుతుంది, అక్కడ ఏసీ మోడే దిక్కు.

ప్లాస్టిక్ నీటి గొట్టాలను ఈ రెండు మోడులూ చూడవు. గీజరు నుంచి వచ్చే వేడినీటి గొట్టానికి ఒక అడ్డదారి ఉన్నది: కుళాయిని పది నిమిషాలు వదిలి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో టైల్సును అడ్డంగా చూస్తూ పోతే వేడి చార దొరుకుతుంది. మెరిసే కుళాయి మీదికి గురిపెట్టకండి, మెరుపు లోహం మీద అది తప్పు అంకె చూపుతుంది. చన్నీటి గొట్టానికి ఇంత సులువైన దారి లేదు, కట్టినవారి దగ్గర ప్లంబింగ్ నక్షా అడగాలి.

ఎలియట్స్ బీచిలో నాణేలు వెతకడం గురించి అడిగినవారు ఇంకొన్ని పాఠాలు ఓపికపట్టాలి. ఉప్పు తడి ఇసుక మీద ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే చవక డిటెక్టర్ ఊరికే మోగుతుంది, దానికి పల్స్ ఇండక్షన్ రకం నయం. ఈలోగా, భూమిలో దాగిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతున్నదని గుర్తుంచుకోండి.

అభ్యాసం. స్విచ్చిబోర్డు ఉన్న ఒక గోడను ఎంచుకుని, పెన్సిల్‌తో 10 సెంటీమీటర్ల గళ్ళు గీయండి. గళ్ళ కాగితం మీద అదే గోడకు ఐదు పటాలు వేయండి: లోహపు మోడుతో ఒకటి, ఏసీ మోడుతో స్విచ్చిలన్నీ వేసి ఒకటి, అన్నీ ఆపి ఒకటి, ఈబీ మెయిన్ ఆపి ఇన్వర్టర్ ఉంచి ఒకటి, రెండూ ఆపి ఒకటి. ప్రతి పటానికీ ముందూ వెనుకా స్కానర్‌ను తెలిసిన చోట మోగించి చూడాలి, చివరి పటానికి వసారా దాకా నడవక తప్పదు. ఆ తరువాత మీ పటాలు చూపకుండా ఇంట్లో మరొకరి చేత మొదటి రెండింటినీ వేయించండి. మీ గీతకూ వారి గీతకూ మధ్య బొటనవేలి వెడల్పు కంటే ఎక్కువ తేడా ఉన్న చోట ఇద్దరూ మళ్ళీ చూడాలి. ఇది ఒక ఆదివారం పూర్తిగా తినే పని. వచ్చే పాఠంలో తేమ మీటరును ఇదే గోడ మీద, ఇవే గళ్ళలో వాడతాం, కనుక పెన్సిల్ గీతలను అప్పటిదాకా చెరపకండి.