విశాఖ పిల్లలకు బాబా యాగా కథ చెప్పే తీరు

రష్యన్ జానపద కథలను మన పిల్లలకు చెప్పదలచినవారు ముందుగా ఆ దేశాన్ని వారి ఊహకు దగ్గర చేయాలి. విశాఖపట్నంలో అది కష్టం కాదు. సోవియట్ యూనియన్‌లో తయారై, 1969లో మన నౌకాదళంలో చేరి, 2002 నుంచి ఆర్కే బీచ్ ఒడ్డున ప్రదర్శనశాలగా నిలిచిన కుర్సుర జలాంతర్గామిని ఇక్కడి పిల్లలు చాలామంది చూసే ఉంటారు. ఇది ఆ వైపు అడవుల కథ అని మొదలుపెడితే చాలు.

మొదటి కథగా వసిలీసా కథను ఎంచుకోవడం మంచిది. అలెగ్జాండర్ అఫనాస్యెవ్ 1855 నుంచి 1863 వరకు ప్రచురించిన జానపద కథల సంపుటాలలో ఇది ఉంది. సవతి తల్లి కూతుళ్లు నిప్పు తెమ్మని పంపగా, కన్నతల్లి చనిపోతూ ఇచ్చిన చిన్న బొమ్మను వెంటబెట్టుకొని వసిలీసా అడవిలో ఉండే మంత్రగత్తె బాబా యాగా దగ్గరికి వెళుతుంది. దారిలో తెల్లని రౌతు, ఎర్రని రౌతు, నల్లని రౌతు ఒకరి తరువాత ఒకరు ఆమెను దాటిపోతారు. వారు పగలు, సూర్యుడు, రాత్రి అన్న సంగతిని ఇక్కడే బయటపెట్టకూడదు.

బాబా యాగా ఇంటి దగ్గర తొందరపడకండి. కోడికాళ్ల మీద నిలిచే గుడిసె అనీ, మనుషుల ఎముకల కంచె అనీ, దాని మీద కళ్లున్న పుర్రెలు అనీ ఒక్కొక్కటిగా చెప్పాలి. ఆమె రోలులో కూర్చుని, రోకలితో దాన్ని తోలుకుంటూ, వెనుక తన జాడను చీపురుతో ఊడ్చుకుంటూ వస్తుంది. అపార్ట్‌మెంట్‌లో పెరుగుతున్న పిల్లలకు రోలు తెలియకపోతే ముందే ఒకటి చూపించాలి. యాగా చెప్పిన పనులలో ఒకటి గసగసాలలో కలిసిన మట్టిని గింజ గింజకూ ఏరడం. ఆ సమయంలో గుప్పెడు గసగసాలు పళ్లెంలో పోసి పిల్లల ముందు పెడితే, బొమ్మ చేసిపెట్టిన పని ఎంత పెద్దదో వారికే తెలుస్తుంది.

యాగాను మన కథల రాక్షసిలా మార్చి చంపేయడం పెద్ద పొరపాటని నా అభిప్రాయం. ఆమె భయపెడుతుంది, పరీక్షిస్తుంది, చివరకు అడిగిన నిప్పును కళ్లు మండే పుర్రెలో ఇచ్చి పంపుతుంది. వసిలీసా రౌతుల గురించి అడిగి, ఇంటి లోపల పనిచేసే మూడు జతల చేతుల గురించి అడగకుండా ఊరుకున్నందుకు యాగా ఆమెను మెచ్చుకుంటుంది. ఈ సంభాషణను తగ్గించకుండా చెప్పాలి. పుర్రె కళ్ల మంటకు సవతి తల్లి, ఆమె కూతుళ్లు కాలి బూడిదైన ముగింపు మరీ చిన్నవారికి భారమవుతుంది గనుక, అయిదేళ్ల లోపువారికి పొయ్యి వెనుక నివసిస్తూ ఇంటిని కాచే దొమొవోయ్ అనే ఆత్మ గురించి చెప్పడం మేలు.

మరునాటికి చావులేని మాంత్రికుడు కొష్చేయ్ కథ ఉంచుకోండి. అతని చావు సూదిలో, సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు పెట్టెలో ఉంటుంది. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలుకలో ఉందని విన్న పిల్లలు దీన్ని వెంటనే పట్టుకుంటారు కాబట్టి, ప్రతి మెట్టు దగ్గరా ఆగి, తరువాత ఏముంటుందో వారినే అడగాలి.