ట్రంపెట్ కొత్తగా పట్టుకున్నారా? ముందు పెదాల సంగతి చూడండి

పెట్టె తెరిచీ తెరవగానే ట్రంపెట్ ఎత్తి, ఊపిరంతా కూడగట్టి, వీలైనంత పై స్వరం కోసం ఊదేయడం. మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది చేసే పనే ఇది, నేనూ చేశాను, పది నిమిషాలకే పెదాలు మొద్దుబారిపోయి ఆ రోజుకి సాధన అక్కడితో సరి. ట్రంపెట్‌లో శబ్దం పుట్టించేది ఆ లోహం కాదు, అదిరే మీ పెదాలు. వాటి చుట్టూ ఉన్న చిన్న కండరాలు అలిసిపోయాక ఇంకెంత ఊదినా దండగే.

అందుకని మొదటి రెండు నిమిషాలు ట్రంపెట్ జోలికే పోకండి. మెట్రోనోమ్‌ని (టిక్ టిక్‌మంటూ లయ చూపించే పరికరం, ఫోన్ యాప్ అయినా సరే) నిమిషానికి 60 టిక్కులకి పెట్టుకుని నాలుగు లెక్కల్లో గాలి పీల్చి, ఆపకుండా నాలుగు లెక్కల్లో వదలండి, తర్వాత ఆరు, ఎనిమిది. భుజాలు పైకి లేస్తున్నాయంటే గాలి పైపైనే ఆగిపోతోందని అర్థం, పొట్టా పక్కటెముకలూ విచ్చుకోవాలి. ఆ తర్వాత గుర్రంలా పెదాలు వదులుగా కాసేపు బుర్రుమనిపించండి. నవ్వొస్తుంది, పర్లేదు.

ఇప్పుడు ఒక్క మౌత్‌పీస్, అంటే పెదాలు ఆన్చే చిన్న గిన్నెలాంటి ముక్క, తీసుకోండి. "మ్" అన్నట్టు పెదాలు కలిపి, మూలలు కాస్త బిగించి, మధ్యలో వదులుగా ఉంచి ఊదితే తుమ్మెద రొదలాంటి శబ్దం వస్తుంది, దీన్నే బజ్ అంటారు. దాన్ని సైరన్‌లా మెల్లగా పైకీ కిందికీ జార్చండి. అద్దంలో చూసుకోండి, బుగ్గలు బూరల్లా ఉబ్బుతుంటే మూలలు వదిలేశారన్నమాట. రెండు మూడు నిమిషాలు చాలు.

అసలు సాధన లాంగ్ టోన్లతో, అంటే ఒకే స్వరాన్ని చాలాసేపు నిలపడంతో, మొదలవుతుంది. వాల్వులేవీ (వేళ్లతో నొక్కే మూడు మీటలు, మీ వైపు నుంచి 1, 2, 3) నొక్కకుండా మధ్య జీ స్వరం పట్టుకుని ఎనిమిది లెక్కలు నిలపండి, మొదటి లెక్కలో ఎలా ఉందో చివరి లెక్కలోనూ అలాగే ఉండాలి, వణకకూడదు. తర్వాత అర స్వరం చొప్పున కిందికి దిగండి: ఎఫ్ షార్ప్‌కి 2వ వాల్వు, ఎఫ్‌కి 1, ఈకి 1-2, ఈ ఫ్లాట్‌కి 2-3, డీకి 1-3, సీ షార్ప్‌కి మూడూ. ఇదంతా బట్టీ పట్టక్కర్లేదు, రెండో వాల్వు అర స్వరం, మొదటిది ఒక స్వరం, మూడోది ఒకటిన్నర స్వరం తగ్గిస్తాయని గుర్తుంటే మిగతావి కూడికలే. కాకపోతే ఈ కూడిక పూర్తిగా కుదరదు, 1-3, 1-2-3 నొక్కినప్పుడు స్వరం ఉండాల్సిన శ్రుతి కన్నా కొంచెం పైకి పలుకుతుంది, అందుకే మూడో వాల్వు స్లైడ్‌కి (ముందుకీ వెనక్కీ జరిగే గొట్టం) రింగు ఉంటుంది, ఆ రెండు చోట్లా ఎడమచేతి వేలితో దాన్ని కాస్త బయటికి తోయాలి. ఇంకో మాట, ట్యూనర్ (శ్రుతి చూపించే పరికరం) పెట్టుకుని సీ ఊదితే అది బీ ఫ్లాట్ చూపిస్తుంది. టెన్షన్ పడకండి, మామూలు బీ ఫ్లాట్ ట్రంపెట్ తీరే అంత.

ఒక్కో స్వరం అయ్యాక ఎంతసేపు ఊదారో అంతసేపు ట్రంపెట్ దించేయండి. ఇది ఎవరూ పాటించరు. మీరు పాటించండి.

తర్వాత లిప్ స్లర్. వాల్వు కదపకుండా, నాలుక తగిలించకుండా, కింది సీ నుంచి జీకి, మళ్లీ సీకి జారాలి. నోట్లో "ఆ" నుంచి "ఈ"కి మారినట్టు నాలుక కొద్దిగా లేస్తుంది, గాలి కాస్త వేగం పుంజుకుంటుంది, అంతే. ఇక్కడే అందరూ మౌత్‌పీస్‌ని మూతికేసి అదుముతారు, స్వరం పైకి వెళ్తుంది కూడా, కానీ పెదవికి రక్తం ఆడక అది అదరడం మానేస్తుంది. కుడి చిటికెన వేలు కొక్కెంలోంచి తీసి దాని మీద పెట్టుకుంటే, లాగాలనుకున్నా బలంగా లాగలేరు.

టంగింగ్, అంటే నాలుకతో స్వరాల్ని విడివిడిగా పలికించడం విషయంలో తెలుగువాళ్లకి ఓ సుఖం ఉంది. నాలుక కొన పై పళ్ల వెనక తగిలే మన "తూ" ఇక్కడ చక్కగా సరిపోతుంది, "టూ" అంటే నాలుక వెనక్కి మడతపడుతుంది. జీ మీద నాలుగేసి "తూ"లు, మధ్యలో గాలి తెగకుండా. అది కుదిరాక సీ స్కేలు: వాల్వు లేకుండా, 1-3, 1-2, 1, వాల్వు లేకుండా, 1-2, 2, మళ్లీ వాల్వు లేకుండా. ఊదే ముందు సరిగమపదనిస అని ఒకసారి నోటితో పాడుకోండి, మనసులో లేని స్వరం పెదాలకి దొరకదు. పై సీ ఇంకా రాకపోతే జీ దాకా వెళ్లి దిగిపోండి, నాకు చాలా వారాలే పట్టింది.

గంటసేపు ఒకేసారి కూర్చోవడం కన్నా పదిహేను నిమిషాలు రోజుకి రెండుసార్లు మేలు. పెదవి నొప్పి పెడితే ఆపేయండి. ముగించేటప్పుడు రెండు మూడు కింది స్వరాలు మెత్తగా ఊది, లోపలి నీళ్లు వదిలేసి, వాల్వులు బిగుసుకుంటుంటే నాలుగేసి చుక్కలు వాల్వ్ ఆయిల్ వేయండి. ఆయిల్ వేశాక వాల్వు సరైన వైపు తిరిగి గాడిలో పడిందో లేదో చూసుకోండి, లేకపోతే గాలి దారి మూసుకుపోయి మర్నాడు ఎంత ఊదినా కూత రాదు, మీరేమో పాపం పెదాల్ని తిట్టుకుంటూ కూర్చుంటారు.