న్యూయార్క్‌కు తొలిసారి, తక్కువ ఖర్చుతో వెళ్తున్నారా? ఈ జాగ్రత్తలు చూసుకోండి

న్యూయార్క్ వెళ్తున్నామని చెప్పగానే బంధువుల్లో సగం మంది తుపాకుల గురించి హెచ్చరిస్తారు. ఆ భయం అర్థం లేనిదని అనను. అయితే జనం తిరిగే చోట్ల పగటిపూట తిరిగే పర్యాటకుణ్ణి ఎక్కువగా దెబ్బతీసేవి వేరే ఉన్నాయి: చట్టం ఒప్పుకోని బస, ధర చీటీ మీద కనిపించని పన్ను, ఇరవై గంటల ప్రయాణం తర్వాత నిద్రకళ్లతో తీసుకునే నిర్ణయం. లెక్క చూసుకుని బయల్దేరేవాళ్లు వీటిలో చాలావాటిని ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు.

అన్నిటికంటే ముందు బస. 2023 సెప్టెంబరు నుంచి న్యూయార్క్ నగరంలో 30 రోజులలోపు అద్దెలపై నిబంధనలు గట్టిగా అమలవుతున్నాయి. మామూలు ఇళ్లలో అతిథులను ఉంచుకోవాలంటే యజమాని నగరం దగ్గర నమోదు చేసుకోవాలి, అతిథులతో పాటు అదే ఇంట్లో ఉండాలి, ఇద్దరికి మించి ఉంచుకోకూడదు. కాబట్టి నగరం నడిబొడ్డైన మన్‌హట్టన్‌లో నలుగురికి వారం రోజుల పాటు ఫ్లాటు మొత్తం చవకగా ఇస్తామనే ప్రకటన కనిపిస్తే అనుమానించండి. ముందుగా బ్యాంకు ద్వారా డబ్బు పంపమంటే ఇక ఆలోచించనే వద్దు. చవకగా కావాలంటే హాస్టళ్లున్నాయి. నగరంలోనే మరో భాగమైన క్వీన్స్‌లోని లాంగ్ ఐలాండ్ సిటీ, నదికి అవతల న్యూజెర్సీలోని జెర్సీ సిటీ హోటళ్లూ చూడండి. రెండు చోట్ల నుంచీ రైలెక్కితే కాసేపట్లో మన్‌హట్టన్‌లో ఉంటారు. న్యూయార్క్ హోటల్ గది ధరపై 14.75 శాతం పన్ను, ఆపైన రాత్రికి 3.50 డాలర్లు పడతాయి. చివరి పేజీలో వచ్చే మొత్తాన్ని చూసి పోల్చుకోండి. దిగేటప్పుడు హోటలువాళ్లు బయానాగా కార్డు మీద కొంత సొమ్ము నిలిపి ఉంచుతారు. ముందే డాలర్లు వేసుకుని వెళ్లే ఫారెక్స్ కార్డులో సరిగ్గా లెక్కకు సరిపడా మాత్రమే వేసుకుని వెళ్తే మొదటి రోజే చేయి ఆడదు.

సామాను సంగతికి వస్తే, పచ్చి కరివేపాకు తీసుకెళ్లకండి. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు దానితో వస్తుందని అమెరికా దాన్ని రానివ్వదు. తాజా పండ్లు, మాంసం పచ్చళ్లు కూడా ఇంట్లోనే వదిలేయండి. ఆవకాయ, పొడులు ఉంటే ఉన్నాయని అధికారికి చెప్పండి. చెప్పి పారేసుకుంటే పోయేది సీసా ఒక్కటే, దాచి దొరికితే వందల డాలర్ల జరిమానా పడవచ్చు. మందులు డాక్టరు చీటీతో, వాటి అసలు ప్యాకింగులోనే ఉంచండి. ప్రయాణ బీమా లేకుండా విమానం ఎక్కడం మాత్రం పిసినారితనం కూడా కాదు, జూదం. అక్కడి ఆసుపత్రిలో అత్యవసర విభాగానికి ఒక్కసారి వెళ్తే వచ్చే బిల్లు మీ యాత్ర ఖర్చు మొత్తాన్నీ దాటిపోవచ్చు.

పాస్‌పోర్టులో పదేళ్ల వీసా ఉన్నా, ఎన్నాళ్లుండవచ్చో తేల్చేది దిగినచోట ఇమిగ్రేషన్ అధికారే. ఆ గడువు తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. ప్రభుత్వ వెబ్‌సైటులో తెరిచి, తేదీ చూసుకుని, ఒక ప్రతి ముద్రించుకోండి. పద్దెనిమిదేళ్లు నిండిన విదేశీయులు తమ నమోదు ఆధారాన్ని వెంట ఉంచుకోవాలని అక్కడి చట్టం. ఆ కాగితం ఆ పనికి వస్తుంది.

విమానాశ్రయంలో బయటికి వస్తుండగానే 'టాక్సీ, టాక్సీ' అంటూ పక్కన నడిచేవాళ్లు ఎదురవుతారు. వాళ్లకు లైసెన్సు ఉండదు. సూట్‌కేసు మీద చేయి వేయనివ్వకుండా ముందుకు నడవండి. జేఎఫ్‌కే విమానాశ్రయం నుంచి మన్‌హట్టన్‌కు పసుపు టాక్సీ ధర 70 డాలర్లుగా స్థిరం, దానిపైన టోలు, అదనపు రుసుములు, టిప్పు. ఎయిర్‌ట్రైన్ అనే విమానాశ్రయపు రైల్లో జమైకా స్టేషనుకు వెళ్లి అక్కడ సబ్‌వే, అంటే నగర మెట్రో రైలు ఎక్కితే మనిషికి సుమారు 12 డాలర్లతో సరి. నలుగురుండి, పెద్ద పెట్టెలుండి, అర్ధరాత్రి దిగితే నా ఓటు టాక్సీకే. అక్కడ మిగిలే కొద్దిపాటి సొమ్ము కోసం మెట్ల మీద పెట్టెలు మోయడం పొదుపు అనిపించుకోదు. నగరంలోని మరో విమానాశ్రయం లాగార్డియాలో దిగితే క్యూ70 బస్సు ఉచితం, అది సబ్‌వే దగ్గర దింపుతుంది.

సబ్‌వే టికెట్టు 2026 జనవరి నుంచి 3 డాలర్లు. పాత మెట్రోకార్డుల అమ్మకం ఆగిపోయింది. ఇప్పుడు బ్యాంకు కార్డునో ఫోనునో గేటు దగ్గర తాకించాలి, లేదా స్టేషను యంత్రంలో ఆమ్నీ కార్డు కొనుక్కోవాలి. ఏడు రోజుల్లో ఒకే కార్డు మీద 35 డాలర్లు చెల్లించాక మిగతా ప్రయాణాలు ఉచితం. చాలామంది పొరపడేది ఇక్కడే. భార్యాభర్తలిద్దరూ ఒకే కార్డు తాకిస్తే రెండో మనిషి చార్జీ ఆ లెక్కలోకి రాదు. ఎవరి కార్డు వాళ్లకుండాలి, రోజూ అదే వాడాలి. మన బ్యాంకు కార్డయితే విదేశీ వాడకం, తాకించి చెల్లించే సౌకర్యం రెండూ ఇండియాలో ఉండగానే తెరిపించుకోండి. 44 అంగుళాల లోపు ఎత్తున్న పిల్లలకు టికెట్టు అక్కర్లేదు.

అప్‌టౌన్ రైళ్లు ఉత్తరానికి, డౌన్‌టౌన్ రైళ్లు దక్షిణానికి పోతాయి. కొన్ని స్టేషన్లలో ఈ రెండింటికీ రోడ్డుకు చెరో పక్క వేర్వేరు ద్వారాలుంటాయి. లోపలికి వెళ్లాక తప్పు తెలిస్తే బయటికొచ్చి మళ్లీ డబ్బు కట్టాల్సిందే, అందుకే బోర్డు చదివి మరీ మెట్లు దిగండి. ఒకే దారిలో 1వ నంబరు రైలు అన్ని చోట్లా ఆగుతుంది. 2, 3 నంబర్లవి మన్‌హట్టన్‌లో మామూలుగా చాలా స్టేషన్లు వదిలేసి పోతాయి. శని, ఆదివారాల్లో మరమ్మతుల వల్ల దారులు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఫోనులో చూసుకోండి. రద్దీ వేళ రైల్లో ఒక్క పెట్టె మాత్రం ఖాళీగా కనిపిస్తే సంబరపడి ఎక్కకండి: ఏసీ పనిచేయకపోవడమో భరించలేని దుర్వాసనో ఉండే ఉంటుంది. ప్లాట్‌ఫారం అంచుకు దూరంగా, వీలైతే గోడ వైపు నిలబడండి. రాత్రిపూట రైలు మధ్యలో, కండక్టరుండే పెట్టె ఎక్కండి.

మనవాళ్లకు నిజంగా ప్రాణాపాయమైన సంగతి ఒకటుంది, దాన్ని ఎవరూ చెప్పరు. అక్కడ వాహనాలు రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయి. రోడ్డు దాటేటప్పుడు మన మెడ అలవాటుగా కుడికి తిరుగుతుంది, బండి మాత్రం ఎడమ నుంచి వస్తుంది. ఒకవైపు దారులు, సైకిళ్ల దారులు కూడా ఉన్నాయి కాబట్టి రెండు వైపులా చూడాల్సిందే. మనిషి బొమ్మ వెలిగినా, మలుపు తిరిగే కార్లను గమనించుకుంటూ దాటండి. ఫొటో కోసం సైకిల్ దారిలో నిలబడకండి. భోజనాలు చేరవేసే ఎలక్ట్రిక్ సైకిళ్లు చప్పుడు లేకుండా మీదికి వస్తాయి.

టైమ్స్ స్క్వేర్‌లో వేషాలు వేసుకున్నవాళ్లు నవ్వుతూ మీ భుజం మీద చేయి వేసి ఫొటో దిగుతారు, తర్వాత డబ్బు అడుగుతారు. సీడీ చేతిలో పెట్టేవాళ్లు, పూసల దండ తొడిగే నకిలీ సన్యాసులు కూడా ఇదే బాపతు. చేతులు జేబులో ఉంచుకుని సాగిపోవడమే మందు. సైకిల్ రిక్షాలకు నిమిషాల చొప్పున చార్జీ ఉంటుంది, ఎక్కే ముందు నిమిషానికెంతో, మొత్తం ఎంతవుతుందో అడగండి. మన్‌హట్టన్ దక్షిణపు కొసన బ్యాటరీ పార్కు దగ్గర స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీకి టికెట్లు అమ్మేవాళ్లు తగిలితే అది పచ్చి మోసం. ఆ పడవ ఎవరికైనా ఉచితం, రేయింబవళ్లూ నడుస్తుంది, స్వేచ్ఛా విగ్రహం కనిపించేంత దగ్గరగా వెళ్తుంది. విగ్రహమున్న దీవిలో దిగాలంటే మాత్రం అధికారిక పడవ టికెట్టును ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి.

చీటీ మీద ధరకు 8.875 శాతం అమ్మకం పన్ను కలుస్తుంది. 110 డాలర్ల లోపు దుస్తులకు అది లేదు. కూర్చుని తినే హోటల్లో 18 నుంచి 20 శాతం టిప్పు ఆనవాయితీ. బిల్లులో ముందే కలిపేశారేమో చూసుకోండి. కౌంటరు దగ్గర కాఫీ కొన్నప్పుడు తెర మీద టిప్పు అడిగితే, వద్దని నొక్కడానికి మొహమాటపడనక్కర్లేదు. నీళ్లు కొనకండి, అక్కడి కుళాయి నీళ్లు మంచివి, సీసా వెంట ఉంచుకోండి. శాకాహారులు కూరగాయల సూపు అన్నా నమ్మకుండా, కోడి పులుసుతో చేశారా అని అడగాలి. ఇంటి తిండి మీద బెంగ పుడితే క్వీన్స్‌లోని ఫ్లషింగ్ గణపతి గుడి క్యాంటీన్‌కు వెళ్లండి. 7వ నంబరు రైలు చివరి స్టేషనులో దిగి నడవాలి, దోసెలు బాగుంటాయి.

గంజాయి అక్కడి దుకాణాల్లో బాహాటంగా అమ్ముతారు. రాష్ట్రం ఒప్పుకున్నా దేశపు చట్టం ఒప్పుకోదు, వీసా మీద వెళ్లినవాళ్లకు అది తర్వాత గుదిబండ అవుతుంది. జోలికి పోకండి.

ప్రమాదమైతే 911, మిగతా నగర సేవలకు 311. పాస్‌పోర్టు, వీసా పేజీల ప్రతులు ఒరిజినల్స్‌తో కాకుండా వేరే సంచిలో పెట్టండి, ఒక సెట్టు ఇంట్లో ఇచ్చి వెళ్లండి. పాస్‌పోర్టు పోతే పోలీసులకు ఫిర్యాదు చేసి, ఆ నకలుతో మన్‌హట్టన్‌లో ఈస్ట్ 64వ వీధిలో ఉన్న భారత కాన్సులేటును సంప్రదించాలి.